ఒక్క డిగ్రీ మెలిక: రెండు కార్బన్ పొరల మధ్య మారిపోతున్న విద్యుత్ స్వభావం

ఖరగ్‌పూర్: బండిని ఒక లైను నుంచి మరొక లైనుకు మళ్లించే చోట పట్టాల మధ్య ఏర్పడే కోణం కంటికి ఆనేది కాదు. ప్రయాణికుల బండ్లు నడిచే మార్గాల్లో భారతీయ రైల్వే ఎక్కువగా '12కు 1' అనే కొలతను వాడుతుంది. అంటే పట్టా వెంట 12 అడుగులు నడిస్తే పక్క పట్టా ఒక అడుగు ఎడంగా జరిగి ఉంటుంది. డిగ్రీల్లో ఇది సుమారు 4.8. ఇందులో నాలుగో వంతుకు కూడా రాని 1.1 డిగ్రీల మెలిక, 2018 నుంచి ఘనపదార్థ భౌతిక శాస్త్రాన్ని కుదిపివేస్తోంది. ఒక్కొక్కటి ఒకే పరమాణువు మందం గల రెండు కార్బన్ పొరలను ఆ కోణంలో ఒకదానిపై ఒకటి పేర్చితే, తగినంత చల్లబరచినప్పుడు వాటిలో విద్యుత్తు ఏమాత్రం నిరోధం లేకుండా ప్రవహిస్తుంది. ఎలక్ట్రాన్ల సంఖ్యను స్వల్పంగా మారిస్తే అవే పొరలు విద్యుత్తును అడ్డగిస్తాయి. కోణం అర డిగ్రీ తప్పితే ఈ రెండు లక్షణాలూ కనిపించవు.

ఈ విషయాన్ని రైలు పట్టాల కొలతతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఖరగ్‌పూర్‌లోని ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే పేటల్లో తరతరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వర్క్‌షాపు పనులకు, లైను పనులకు తరలివచ్చిన వారి సంతతి వీరిలో అధికం. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చిన ఊరు ఇదే. టన్నుల కొద్దీ ఇనుముతో తాతలు పనిచేసిన ఈ పట్టణంలోనే, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైంది. రైల్వే క్వార్టర్లలో ఇంటర్మీడియట్ స్థాయి భౌతిక శాస్త్రం చదువుకుంటున్న విద్యార్థికి లోహాలు, అర్ధవాహకాలు, విద్యుద్బంధకాలు అనే విభజన తెలుసు. ఏ పదార్థం ఏ కోవకు చెందుతుందో దాని రసాయన నిర్మాణమే నిర్ణయిస్తుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ వాక్యానికి ఇప్పుడు ఒక సవరణ అవసరమైంది. రసాయనం మారకుండా, కేవలం పేర్చిన కోణం మారితే కూడా పదార్థం కోవ మారుతుంది.

దోమతెర మడతల్లో కనిపించే చారలు

పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ నిజానికి పొరల దొంతర. ఒక మిల్లీమీటరు మందపు గ్రాఫైట్ ముక్కలో సుమారు 30 లక్షల పొరలు ఉంటాయి. ఆ పొరల్లో ఒక్కదాన్ని వేరు చేస్తే అది గ్రాఫీన్. తేనెపట్టు గదుల్లా షట్కోణాకారంలో అమరిన కార్బన్ పరమాణువుల వల అది. బ్రిటన్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ 2004లో మామూలు అంటుకునే టేపుతో గ్రాఫైట్‌ను ఒలుస్తూ దీన్ని వేరు చేసి, దాని విద్యుత్ లక్షణాలను కొలిచారు. 2010లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఒక దోమతెరను రెండు మడతలు వేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, తెరలోని చిన్న చిన్న గళ్లకు సంబంధం లేని పెద్ద పెద్ద చారలు, చక్రాలు కనిపిస్తాయి. ఒక మడతను కొద్దిగా తిప్పితే ఆ చారలు గబగబా పెరుగుతాయి లేదా కుంచించుకుపోతాయి. ఒకే రకమైన రెండు వలలు కాస్త వంకరగా ఒకదానిపై ఒకటి పడినప్పుడు ఏర్పడే ఈ నమూనాను మ్వారే నమూనా అంటారు. అలల మెరుపు గల పట్టుబట్టకు ఫ్రెంచి వారు పెట్టుకున్న పేరు నుంచి ఈ మాట వచ్చింది.

మ్వారే నమూనా ఎంత పెద్దదవుతుందో లెక్కగట్టడానికి మళ్లీ రైల్వే కొలతే పనికొస్తుంది. రెండు వలల మధ్య కోణం '12కు 1' అయితే, మ్వారే గడి అసలు గడి కంటే 12 రెట్లు పెద్దదిగా ఉంటుంది. 1.1 డిగ్రీల కోణాన్ని పట్టాల భాషలో చెబితే సుమారు '52కు 1'. కాబట్టి మ్వారే గడి 52 రెట్లు పెద్దది. గ్రాఫీన్‌లో అమరిక ప్రతి 0.246 నానోమీటర్లకు ఒకసారి పునరావృతమవుతుంది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. దాన్ని 52తో గుణిస్తే వచ్చే 12.8 నానోమీటర్లు మ్వారే గడి వెడల్పు. ఆ ఒక్క గడిలో రెండు పొరలవీ కలిపి సుమారు 11 వేల పరమాణువులు ఇముడుతాయి. ఈ 11 వేల సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది. కాసేపట్లో దానితో పని పడుతుంది.

దోమతెరలో కనిపించేది కంటికి మాత్రమే పరిమితమైన చిత్రం. గ్రాఫీన్‌లో అలా కాదు. పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లే కావడంతో ఎలక్ట్రాన్లు ఒక పొర నుంచి మరొక పొరలోకి దూకగలవు. పై పొర పరమాణువు కింది పొర పరమాణువుకు సరిగ్గా ఎదురుగా వచ్చిన చోట ఒక రకంగా, పక్కకు జరిగిన చోట మరొక రకంగా ఈ దూకుడు ఉంటుంది. ఆ తేడాలు మ్వారే గడుల క్రమంలో పదేపదే వస్తాయి. ఫలితంగా ఎలక్ట్రాన్‌కు అది పరమాణువుల వలగా కాక, 52 రెట్లు పెద్దదైన మరొక కొత్త స్ఫటికంగా తోస్తుంది.

పరుగు ఆగిన ఎలక్ట్రాన్లు

ఒంటరి గ్రాఫీన్ పొరలో ఎలక్ట్రాన్లు సెకనుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పరుగెడతాయి. ఇది కాంతి వేగంలో 300వ వంతు. అంత వేగంలో వాటి గమనశక్తితో పోలిస్తే, ఒకదానినొకటి నెట్టుకునే విద్యుత్ బలం లెక్కలోకి రాదు. అందుకే గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లను ఎవరికి వారుగా సాగిపోయే కణాలుగా భావించి లెక్కలు వేసినా సమాధానాలు చాలావరకు సరిపోతాయి.

రెండో పొరను తిప్పి పెట్టినప్పుడు రెండు ధోరణులు పోటీపడతాయి. పొర వెంట పరుగెత్తాలనేది ఒకటి, అవతలి పొరలోకి దూకాలనేది రెండోది. కోణం ఎక్కువగా ఉన్నంతకాలం పరుగుదే పైచేయి. రెండు పొరలూ దాదాపు విడివిడిగానే ప్రవర్తిస్తాయి. కోణం తగ్గేకొద్దీ మ్వారే గడి పెద్దదై, దానిలో పరుగుకు సంబంధించిన శక్తి తగ్గుతుంది. పొరల మధ్య దూకుడు శక్తి మాత్రం ఇంచుమించు మారదు. ఒకానొక కోణం దగ్గర ఈ రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ ఎలక్ట్రాన్ వేగం సున్నాకు చేరువవుతుంది. శక్తి పటం గీస్తే ఎత్తుపల్లాలు ఉండవలసిన రేఖ చదునుగా కనిపిస్తుంది. దీన్నే శాస్త్రవేత్తలు చదునైన శక్తిపట్టీ అంటున్నారు.

ఇలాంటిది జరుగుతుందని ప్రయోగానికి చాలా ముందే లెక్కలు సూచించాయి. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రఫీ బిస్ట్రిట్జర్, అలన్ మెక్‌డొనాల్డ్ 2011లో ప్రచురించిన పత్రంలో వేగం సున్నా అయ్యే కోణాలను గుర్తించి, వాటికి 'మ్యాజిక్ కోణాలు' అని పేరు పెట్టారు. వాటిలో అన్నింటికంటే పెద్దది సుమారు 1.1 డిగ్రీలు. మొదట్లో ఆ పత్రం సంచలనం రేపలేదు. అంత కచ్చితమైన కోణంలో పొరలను పేర్చడం అప్పట్లో ఎవరికీ చేతకాకపోవడం అందుకు ఒక కారణం.

వేగం తగ్గితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ వేగంగా దాటిపోతున్నప్పుడు ప్లాట్‌ఫారంపై నిలబడిన వారికి, లోపలివారికి మధ్య మాటామంతీ సాధ్యం కాదు. అదే బండి సిగ్నల్ కోసం గంటసేపు యార్డులో నిలిచిపోతే పెట్టెలోని వారంతా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, సర్దుకుంటారు, వాదులాడుకుంటారు, కొన్నిసార్లు కూడబలుక్కొని ఒకే పని చేస్తారు. చదునైన శక్తిపట్టీలో ఎలక్ట్రాన్లది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. పరుగు శక్తి కరిగిపోవడంతో పరస్పర వికర్షణే వాటి నడవడిని శాసిస్తుంది. పోలికను ఇంతకు మించి లాగడం సరికాదు. ఎలక్ట్రాన్లు క్వాంటం నియమాలకు లోబడేవి, ప్రయాణికులు కారు.

2018 మార్చిలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పాబ్లో జరీయో-ఎరేరో బృందం 'నేచర్' పత్రికలో రెండు పత్రాలను ఒకేసారి ప్రచురించింది. రెండింటికీ ప్రథమ రచయిత అప్పటికి 21 ఏళ్ల వయసున్న పరిశోధక విద్యార్థి యువాన్ సావో. మ్యాజిక్ కోణంలో పేర్చిన గ్రాఫీన్ కొన్ని ఎలక్ట్రాన్ సాంద్రతల వద్ద విద్యుద్బంధకంగా మారుతుందని మొదటి పత్రం తెలిపింది. ఆ సాంద్రతను కొద్దిగా సవరిస్తే 1.7 కెల్విన్ వద్ద, అంటే సుమారు మైనస్ 271.5 డిగ్రీల సెల్సియస్ వద్ద, అతివాహకంగా మారుతుందని రెండోది వెల్లడించింది. బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్, జరీయో-ఎరేరోలకు 2020లో భౌతిక శాస్త్రంలో వుల్ఫ్ బహుమతి లభించింది.

ఇక్కడే ఆ 11 వేల సంఖ్యతో పని. చదునైన శక్తిపట్టీ పూర్తిగా నిండడానికి ఒక్కో మ్వారే గడికి నాలుగు ఎలక్ట్రాన్లు సరిపోతాయి. అందులో సగం, అంటే రెండు ఎలక్ట్రాన్లను చేర్చినా, తొలగించినా పదార్థం విద్యుద్బంధకమవుతుంది. 11 వేల పరమాణువులకు రెండు ఎలక్ట్రాన్ల తేడా! ఆ మార్పు తేవడానికి రసాయనాలు కలపనక్కరలేదు. పొరల కింద ఉంచిన లోహపు ఎలక్ట్రోడుపై కొద్ది వోల్టులు పెంచినా, తగ్గించినా చాలు.

దీని విలువ తెలియాలంటే 1986 నాటికి వెళ్లాలి. జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో జార్జ్ బెడ్నార్జ్, అలెక్స్ ముల్లర్ ఆ ఏడాది రాగి ఆక్సైడ్ల కుటుంబంలో అధిక ఉష్ణోగ్రత అతివాహకతను కనుగొన్నారు. మర్నాడే నోబెల్ అన్నంత వేగంగా 1987లో వారికి బహుమతి వచ్చింది. అయితే ఆ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు ఎందుకు జతకడుతున్నాయో సర్వామోదం పొందిన సిద్ధాంతం నేటికీ లేదు. రాగి ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చి చూడాలంటే చాలా సందర్భాల్లో ప్రతిసారీ కొత్త స్ఫటికం పెంచవలసిందే. మెలితిప్పిన గ్రాఫీన్‌లో అయితే ఒకే నమూనాపై, ఒక మీట తిప్పుతూ, బంధకం నుంచి లోహం, లోహం నుంచి అతివాహకం వరకు ఒక్కరోజులో చూడవచ్చు. 1.7 కెల్విన్ ఏమాత్రం ఆకర్షణీయమైన సంఖ్య కాదన్న మాట నిజమే. కానీ ఇంత తక్కువ ఎలక్ట్రాన్లతో ఆ స్థితి ఏర్పడటమే ఆశ్చర్యకరం. ఎలక్ట్రాన్ల సాంద్రతతో పోల్చి చూస్తే ఆ ఉష్ణోగ్రత చాలా ఎక్కువ. ఎంఐటీ బృందం 2025లో మూడు పొరల మెలితిప్పిన గ్రాఫీన్‌పై జరిపిన కొలతలు, ఇక్కడి ఎలక్ట్రాన్ జతలు సంప్రదాయ అతివాహకాల్లో ఉండేవాటికి భిన్నమైనవని బలమైన సాక్ష్యం చూపాయి.

కార్బన్‌తో ఆగలేదు

గ్రాఫీన్‌కు పరిమితమై ఉంటే ఇది ఒక వింతగా మిగిలిపోయేదేమో. మాలిబ్డినం, టంగ్‌స్టన్ వంటి లోహాలు గంధకం, సెలీనియం, టెల్లూరియంతో కలిసి ఏర్పరిచే పలుచని అర్ధవాహక పొరల్లోనూ ఇదే కథ నడుస్తోంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మిత్ నాయక్, మనీశ్ జైన్ 2018లోనే మెలితిప్పిన మాలిబ్డినం డైసల్ఫైడ్ వంటి పదార్థాల్లో అత్యంత చదునైన శక్తిపట్టీలు ఏర్పడతాయని లెక్కలతో చూపారు. ఈ అర్ధవాహకాల్లో ఒక వెసులుబాటు ఉంది. గ్రాఫీన్‌లా ఒకే ఒక కోణానికి కట్టుబడకుండా కొన్ని డిగ్రీల పరిధిలో ఎక్కడైనా చదునైన పట్టీలు లభిస్తాయి.

2023లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన షియావోడాంగ్ షు బృందం మెలితిప్పిన మాలిబ్డినం డైటెల్యూరైడ్‌లో, బయటి అయస్కాంత క్షేత్రం లేకుండానే, ఎలక్ట్రాన్ ఆవేశంలో భిన్నాల మేరకు ఆవేశం గల కణాలున్నట్లు ప్రవర్తించే స్థితిని గుర్తించింది. 1982లో తొలిసారి ఇలాంటి భిన్న స్థితిని చూడటానికి అత్యంత శక్తిమంతమైన అయస్కాంతం కావలసివచ్చింది. క్వాంటం కంప్యూటర్లలో దోషాలకు లొంగని సమాచార నిల్వకు ఇలాంటి స్థితులు ఉపకరిస్తాయన్న ఆశ ఉంది. ఆశ అన్న మాటను ఇక్కడ ఆచితూచి వాడుతున్నాం.

ముంబైలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థలో మందార్ దేశ్‌ముఖ్ బృందం రెండేసి పొరల గ్రాఫీన్‌ను రెండు జతలుగా మెలితిప్పి, వాటిలో ఎలక్ట్రాన్ తరంగాల జ్యామితి ఎలా మారుతుందో కొలిచే పద్ధతిని 2022లో 'నేచర్ ఫిజిక్స్'లో ప్రచురించింది. భారతీయ విజ్ఞాన సంస్థలో అరిందమ్ ఘోష్ బృందం మ్యాజిక్ కోణానికి దగ్గరగా ఉన్న గ్రాఫీన్‌లో ఉష్ణ విద్యుత్ ప్రభావాన్ని పరిశీలించి, మామూలు లోహాలకు వర్తించే సూత్రం అక్కడ విఫలమవుతున్నట్లు కనుగొంది. వీటన్నిటికంటే ఇంటి సరుకుకు దగ్గరైన ప్రయోగం బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో జరిగింది. ఉమేశ మొగేర, జి.యు. కులకర్ణి నికెల్ రేకుపై నాఫ్తలీన్ పూసి, విద్యుత్తుతో వేడిచేసి, వేగంగా చల్లార్చి, రకరకాల కోణాల్లో మెలితిరిగిన గ్రాఫీన్ పొరలను తయారు చేశారు. నాఫ్తలీన్ అంటే బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండల్లోని పదార్థమే. ఈ పద్ధతిలో కోణం మన చేతిలో ఉండదు. అయితే టేపుతో ఒలిచినప్పుడు లభించే సూక్ష్మమైన తునకల కంటే చాలా విశాలమైన పొరలు లభిస్తాయి.

పేర్చడమే కష్టం

ప్రయోగశాలల్లో ఎక్కువగా అనుసరించే విధానం ఇలా ఉంటుంది. టేపుతో గ్రాఫైట్‌ను పదేపదే ఒలిచి, ఆక్సైడ్ పూత గల సిలికాన్ పలకపై అద్దుతారు. ఒకే పొర గల తునకను సూక్ష్మదర్శినిలో వెదికి పట్టుకుంటారు. షట్కోణ బోరాన్ నైట్రైడ్ అనే పారదర్శక స్ఫటికాన్ని ముద్రలా వాడి ఆ తునకలో సగాన్ని చింపి పైకి లేపుతారు. పలకను 1.1 డిగ్రీల కంటే ఒక పిసరు ఎక్కువగా తిప్పి, మిగిలిన సగాన్ని దాని కిందకు అంటిస్తారు. రెండు సగాలూ ఒకే స్ఫటికం నుంచి వచ్చినవి కాబట్టి వాటి మధ్య కోణం ఎంతో కచ్చితంగా తెలుస్తుంది. టెక్సస్‌లోని ఇమాన్యుయేల్ తుతుక్ బృందం 2016లో ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చింది.

తేలికగా చెప్పిన ఈ పని తేలికైనది కాదు. వేడి చేస్తే పొరలు జారి మెలిక విప్పుకుని, ప్రకృతి ఇష్టపడే సున్నా కోణానికి తిరిగిపోతాయి. మధ్యలో గాలి బుడగ చిక్కితే ఆ చోట వల సాగిపోతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎలి జెల్డోవ్ బృందం 2020లో ఒకే నమూనాలో చోటుచోటుకూ కోణం ఎలా మారుతోందో పటం గీసి చూపింది. మంచివని పేరుపడిన నమూనాల్లోనూ కోణం అంతటా ఒకేలా లేదు. రెండు ప్రయోగశాలల ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం. ఈ రంగంలో వెలువడే ప్రతి ప్రకటననూ మరో బృందం నిర్ధారించే వరకు కొంత ఓపికతో చదవడం అవసరం.

సామగ్రి విషయంలో మరో చిక్కు ఉంది. ఈ ప్రయోగాల్లో గ్రాఫీన్‌ను కాపాడే బోరాన్ నైట్రైడ్ స్ఫటికాల్లో మేలైనవి చాలా ఏళ్లుగా జపాన్‌లోని ఒకే ప్రభుత్వ సంస్థ నుంచి, తకాషి తనిగుచి, కెంజి వతనబే అనే ఇద్దరు శాస్త్రవేత్తల చేతుల మీదుగా ప్రపంచమంతటికీ అందుతున్నాయి. ఈ రంగంలో వెలువడిన ప్రముఖ పత్రాల రచయితల వరుసలో వారి పేర్లు తరచుగా కనిపించడానికి కారణం అదే. ఇక నమూనాలను కెల్విన్ స్థాయికి చల్లబరచడానికి హీలియం కావాలి. భారత్ తన హీలియం అవసరాలను దాదాపు పూర్తిగా దిగుమతులతోనే తీర్చుకుంటోంది.

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. దాని కింద ఏర్పాటైన నాలుగు కేంద్రాల్లో క్వాంటం పదార్థాలు, పరికరాల బాధ్యత ఐఐటీ ఢిల్లీకి దక్కింది. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన 30 మంది శాస్త్రవేత్తల బృందం, నేటి చిప్‌ల కంటే ఎన్నో రెట్లు చిన్నవైన ఆంగ్‌స్ట్రామ్ స్థాయి చిప్‌లను ద్విపరిమాణ పదార్థాలతో తయారు చేసే ప్రతిపాదనను కేంద్రానికి సమర్పించింది. ఈ రెండూ వేర్వేరు లక్ష్యాలు. చిప్‌లకు కావలసింది గది ఉష్ణోగ్రత వద్ద నమ్మకంగా పనిచేసే విశాలమైన అర్ధవాహక పొర. అక్కడ మెలిక ఒక్కోసారి లోపం కిందే లెక్క. మెలితిప్పిన పొరలు ప్రస్తుతానికి అతిశీతల ప్రయోగశాలలకే పరిమితం. వాటితో విద్యుత్ తీగలు వస్తాయని, పంపిణీ నష్టాలు తొలగిపోతాయని ఇప్పుడే చెప్పడం అతిశయోక్తి. అయితే రెండు పనులకూ కావలసిన నేర్పు ఒక్కటే: పరమాణు మందపు పొరను చిరగకుండా, నలగకుండా, మరక పడకుండా పెంచి, ఎత్తి, కోరిన చోట పెట్టడం. ఆ నేర్పు గల చేతులు దేశంలో ఎన్ని తయారవుతాయన్న దానిపైనే రెండింటి భవితవ్యమూ ఆధారపడి ఉంది.

ఇంతకాలం ఒక్కో కోణానికి ఒక్కో నమూనా తయారు చేయవలసి వచ్చేది. వైజ్‌మన్ సంస్థకు చెందిన షహల్ ఇలానీ బృందం 2023లో వెల్లడించిన క్వాంటం ట్విస్టింగ్ మైక్రోస్కోపు ఆ అవసరాన్ని తగ్గిస్తోంది. సన్నని పిరమిడ్ ఆకారపు మొన చివర ఒక పలుచని పొరను అమర్చి, దాన్ని కింద ఉన్న మరొక పొరకు తాకించి, తాకి ఉండగానే తిప్పుతూ విద్యుత్తును కొలుస్తారు. ఒకే పొరల జతపై కోణాన్ని క్రమంగా మారుస్తూ, ఎలక్ట్రాన్ల శక్తికీ వేగానికీ గల సంబంధాన్ని ఆ పరికరం నేరుగా గీసి చూపుతుంది.